దూరపు గెలాక్సీలో కొత్త చుక్క: సూపర్‌నోవాను వెతకడం, ఫొటో తీయడం, కొలవడం ఎలా?

2023 మే 19న జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి ఎం101 అనే సర్పిల గెలాక్సీని ఫొటో తీస్తే, అంతకుముందు లేని ఒక చుక్క కనిపించింది. అప్పటికి దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు) సుమారు 14.9. వారం తిరిగేసరికి ఆ అంకె 11 దాకా దిగింది, అంటే వెలుగు దాదాపు నలభై రెట్లు పెరిగింది. రెండు కోట్ల పది లక్షల కాంతి సంవత్సరాల అవతల పేలిన ఒకే ఒక్క నక్షత్రం మామూలు చిన్న టెలిస్కోపులకు కూడా అందింది. ఆ వారం నేనూ ఫొటో తీశాను. తీసినదాన్ని ఎంతసేపు చూసినా అందులో కొత్త చుక్క ఏదో తెలియలేదు. నెల కిందట నేనే తీసిన ఫొటో పక్కన పెట్టుకున్నాక అర నిమిషంలో దొరికింది.

కింద చెప్పేదంతా ఆ పాత ఫొటో చుట్టూనే తిరుగుతుంది. టెలిస్కోప్ ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి. నిన్న ఆ గెలాక్సీ ఎలా ఉందో తెలిసినవాడికే ఇవాళ వచ్చిన మార్పు తెలుస్తుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. రంగులు చిమ్ముతూ విచ్చుకునే పేలుడు కనిపిస్తుందని ఆశపడకండి. గెలాక్సీ అంత దూరంలో ఉన్నప్పుడు సూపర్‌నోవా మనకు ఒక చుక్క, అంతే. పక్కనున్న మామూలు నక్షత్రానికీ దానికీ చూపులో తేడా ఉండదు. కాకపోతే ఆ పక్క నక్షత్రం మన పాలపుంతలోనిది, కొన్ని వందల లేదా వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. ఈ చుక్క దానికి వేల రెట్లు అవతలిది. రెండూ ఒకే కాంతితో కనిపిస్తున్నాయంటే అక్కడ ఎంత శక్తి బయటికి వచ్చిందో లెక్క వేసుకోండి.

1. ఏ గెలాక్సీ? మీ పరికరానికి ఏది అందుతుంది?

మాగ్నిట్యూడ్ లెక్క తెలియనివాళ్ల కోసం: అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు. ఐదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్లు, ఒకటి తేడా అంటే సుమారు రెండున్నర రెట్లు.

ఎనిమిది అంగుళాల టెలిస్కోప్‌తో చీకటి ఆకాశంలో కంటికి 13.5 నుంచి 14 దాకా అందుతుంది. ఊరి దీపాలుంటే ఒకటి రెండు మాగ్నిట్యూడ్లు హరించుకుపోతాయి. అదే టెలిస్కోప్‌కి కెమెరా తగిలించి కొన్ని నిమిషాల ఫొటోలు కలిపితే 16 దాటి వెళ్లొచ్చు. ఈ మధ్య వచ్చిన చిన్న స్మార్ట్ టెలిస్కోపులు కూడా ఇరవై నిమిషాల్లో 15 దాటేస్తున్నాయి. కాబట్టి కంటితో చూడటమే మీ సరదా అయితే 12, 13 దాకా వెలిగిన సూపర్‌నోవా వచ్చేవరకు ఆగాలి. అలాంటివి ఏడాదికి ఏ కొన్నో వస్తాయి. కెమెరా ఉంటే ఏ నెలలోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు ఆకాశంలో ఏమేం వెలుగుతున్నాయో ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో ఉంటుంది. అంతర్జాతీయ ఖగోళ సంఘం తరఫున ఈ కొత్త చుక్కలకు పేర్లు పెట్టేది అదే. జాబితాలో మీ పరికరానికి అందే మాగ్నిట్యూడ్, మీకు కనిపించే ఆకాశం, గెలాక్సీ మధ్య భాగానికి కాస్త దూరం, ఈ మూడూ చూసుకుని ఎంచుకోండి. మూడోది కొత్తవాళ్లు పట్టించుకోరు. గెలాక్సీ నడిబొడ్డున పేలిన సూపర్‌నోవా ఆ వెలుగులోనే కలిసిపోతుంది. సర్పిల చేతుల్లో, అంచుల్లో పేలినవి తేలిగ్గా విడిగా కనిపిస్తాయి. మనవైపు పూర్తిగా ముఖం తిప్పి ఉన్న గెలాక్సీలు అందుకే మంచివి. పక్కకు తిరిగి ఉన్నవాటిలో ధూళి అడ్డం వస్తుంది.

ఇప్పటికే దొరికినదాన్ని చూడటంతో ఆగకుండా కొత్తదాని కోసం వేట మొదలుపెట్టాలనుకుంటే లెక్క వేరు. మన పాలపుంతలాంటి గెలాక్సీలో సుమారుగా వందేళ్లకు ఒకటి రెండు సూపర్‌నోవాలు వస్తాయని అంచనా. మన పాలపుంతలోనే 1604 తర్వాత కంటికి స్పష్టంగా కనిపించినది లేదు. ఒకే గెలాక్సీని నమ్ముకుంటే జీవితం సరిపోదు, వంద గెలాక్సీలను తిప్పి తిప్పి చూస్తే ఏడాదికి ఒకటి రెండు తగలాలి. అందులోనూ కొన్ని గెలాక్సీలు బాగా చురుకైనవి. ఎన్‌జీసీ 6946లో (ఎం, ఎన్‌జీసీ రెండూ ఆకాశ వస్తువుల జాబితాల పేర్లు) 1917 నుంచి 2017 దాకా పది పేలుళ్లు నమోదయ్యాయి. ఎం61లో 1926 నుంచి 2020 లోపు ఎనిమిది. ఎం51లో 1994, 2005, 2011 సంవత్సరాల్లో మూడు, ఎం74లో 2002, 2003, 2013లో మూడు. కొత్త నక్షత్రాలు ఎక్కువగా పుట్టే చోట బరువైన నక్షత్రాలూ ఎక్కువే. అవి తొందరగా ఇంధనం అయిపోయి పేలతాయి. మీ మొదటి జాబితాలో ఈ నాలుగూ, ఎం101, ఎం81, ఎం82 ఉండాల్సిందే.

2. పేరు చదవడం నేర్చుకోండి

ఇటగాకి చూసిన చుక్క పేరు ఎస్‌ఎన్ 2023ఐఎక్స్‌ఎఫ్. ఎస్‌ఎన్ అంటే సూపర్‌నోవా అని వర్ణపటం తీసి ఖాయం చేసినట్టు. ఇంకా ఖాయం కానివాటికి ముందు ఏటీ అని ఉంటుంది. అవి వేరే ఏవైనా కావచ్చు, కాబట్టి ఏటీ అని ఉన్నదాన్ని చూసి సూపర్‌నోవా చూశానని చెప్పుకోకండి.

వెనకనున్న అక్షరాలు వరుస సంఖ్య. ఏడాదిలో మొదటి 26 చుక్కలకు ఒక్కో పెద్ద అక్షరం, తర్వాత రెండక్షరాలు, తర్వాత మూడు. ఆంగ్ల వర్ణమాలలో ఐ తొమ్మిదోది, ఎక్స్ ఇరవై నాలుగోది, ఎఫ్ ఆరోది. 9ని 676తో, 24ని 26తో గుణించి, 6 కలపండి: 6084 + 624 + 6 = 6714. అంటే ఆ ఏడాది పేరు పడిన చుక్కల్లో ఇది 6714వది, అదీ మే నెలకే. 1885లో ఆండ్రోమెడా గెలాక్సీలో కనిపించినదాని పేరు చివర ఒంటి అక్షరం ఏ, అంతే. ఆ ఏడాదికి అదొక్కటే.

3. ఆకాశంలో చోటు పట్టుకోవడం

కంప్యూటర్‌తో తిరిగే మౌంట్ (టెలిస్కోప్‌ను మోసే పీఠం) ఉంటే పేరు కొట్టి బటన్ నొక్కితే పని అయిపోతుంది. అయినా ఒకసారి చేత్తో వెతకండి. దారి తెలిస్తే, మౌంట్ తప్పు చోటికి తిరిగినప్పుడు వెంటనే పసిగడతారు.

ఎం101 సప్తర్షి మండలంలో ఉంది. తోక చివరనున్నది మరీచి, దాని ముందున్నది వశిష్ఠ, వశిష్ఠను ఆనుకుని చిన్నగా అరుంధతి. వశిష్ఠ, మరీచి రెండింటినీ కలిపే గీతను ఒక భుజంగా తీసుకుని, తోక వంపుకు బయటివైపు దాదాపు సమబాహు త్రిభుజం ఊహించుకోండి. మూడో మూల ఎం101. భుజాలు సుమారు ఐదున్నర నుంచి ఆరున్నర డిగ్రీలు, అంటే చేయి చాచి పట్టుకున్న మూడు నాలుగు వేళ్ల వెడల్పు. తోకకు లోపలివైపు, మరీచికి దగ్గర్లో ఉండేది ఎం51. రెండింటినీ తారుమారు చేసుకునేవాళ్లు చాలామందే.

బైనాక్యులర్‌లోనో ఫైండర్‌లోనో వశిష్ఠ నుంచి తూర్పుకు వెళ్తే నాలుగు మసక నక్షత్రాలు ఒక వరుసలో వస్తాయి. నాలుగోదాన్ని దాటి, కాస్త ఉత్తరానికి ఒరిగి తూర్పుకే ఇంకో ఒకటిన్నర డిగ్రీ వెళ్తే గెలాక్సీ మీద ఉన్నట్టే. ఉత్తరార్ధ గోళంలో ఉన్నవాళ్లకు మార్చి నుంచి జులై దాకా రాత్రి తొలి జాముల్లో ఇది అనుకూలంగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఎం101 మాగ్నిట్యూడ్ 7.9 అని పుస్తకంలో చూసి, బైనాక్యులర్‌కే కనిపించేస్తుందనుకుంటారు. ఆ వెలుగంతా దాదాపు నిండు చంద్రుడంత వెడల్పు మీద పరుచుకుని ఉంటుంది. అందుకే కొద్దిపాటి ఊరి వెలుతురున్నా గెలాక్సీ మొత్తం మాయమైపోతుంది. అదే సూపర్‌నోవా వెలుగంతా ఒక్క చుక్కలో ఉంటుంది. 2023లో ఊళ్ల మధ్య నుంచి చూసినవాళ్లకు గెలాక్సీ ఆనవాలు కూడా లేకుండా, ఉత్త చుక్క మాత్రమే కనిపించిన రాత్రులు ఉన్నాయి. గెలాక్సీ కనిపించలేదు కాబట్టి చుక్కా కనిపించదని వెనక్కి వచ్చేయకండి.

కంటితో చూసేటప్పుడు అరగంట చీకట్లో ఉండి కళ్లు అలవాటు పడనివ్వండి. ఫోన్ తీయకండి. మ్యాప్ చూడటానికి ఎర్ర లైట్ వాడండి. చుక్క ఉండాల్సిన చోటుని సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తే మసకవి కనిపిస్తాయి, కంటి రెటీనాలో మసక వెలుతురుని పట్టే కణాలు నడిమధ్యలో ఉండవు కాబట్టి. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మార్చి పెద్దది చేసి చూడండి, 150 రెట్ల దాకా వెళ్లినా ఫర్వాలేదు. పెద్దది చేసినకొద్దీ ఆకాశం నల్లబడుతుంది, చుక్క మాత్రం చుక్కగానే నిలుస్తుంది.

4. ఫొటో తీయడం

ఇక్కడ అందమైన ఫొటో మన లక్ష్యం కాదన్న సంగతి గుర్తుంటే సగం తప్పులు జరగవు. మనకు కావలసింది కొలవడానికి పనికొచ్చే ఫొటో.

ఫోకస్‌తో మొదలుపెట్టండి. ఒక మెరుపు నక్షత్రం మీద బాటినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసుకునే చీలికల మూత) పెట్టి, ఫొటోలో కనిపించే మూడు గీతల్లో మధ్య గీత మిగతా రెండింటికీ నడుమకు వచ్చేదాకా తిప్పండి. చలి పెరిగేకొద్దీ ట్యూబ్ కుంచించుకుని ఫోకస్ జారుతుంది, కాబట్టి గంటకోసారి మళ్లీ చూసుకోవాలి.

ఎక్స్‌పోజర్ 30 నుంచి 60 సెకండ్లు పెట్టి నలభై యాభై ఫొటోలు తీయండి. ఒకే పొడవాటి ఎక్స్‌పోజర్ కన్నా ఇదే మేలు. మధ్యలో ఉపగ్రహం గీత గీస్తే ఆ ఒక్కటీ తీసేస్తారు, గాలి ఊపితే ఆ ఒక్కటీ పోతుంది. సూపర్‌నోవా గానీ, పోల్చుకోబోయే నక్షత్రాలు గానీ తెల్లగా నిండిపోకూడదు. పిక్సెల్ దాని గరిష్ఠాన్ని తాకాక ఇంకెంత వెలుగు పడినా లెక్కలోకి రాదు, కొలత తప్పుతుంది. గరిష్ఠంలో సగం దాటకుండా చూసుకుంటే చాలు.

ప్రతి కొన్ని ఫొటోలకు ఒకసారి టెలిస్కోప్‌ని అటో ఇటో కొన్ని పిక్సెళ్లు జరపండి. దీన్ని డిథరింగ్ అంటారు. ఎందుకంత పట్టుదలగా చెబుతున్నానో అయిదో అంచెలో తెలుస్తుంది. మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో తీసే డార్క్ ఫ్రేములు, సమానమైన వెలుతురు మీద తీసే ఫ్లాట్ ఫ్రేములు తప్పనిసరి. ఫ్లాట్ లేకపోతే ఫొటో మూలల్లోని నక్షత్రాలు అసలు కన్నా మసకగా లెక్కకు వస్తాయి.

తర్వాత సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ కలపండి. కలిపాక రంగులు, కాంట్రాస్ట్ మార్చిన కాపీ వేరే పెట్టుకోండి. ముట్టుకోని కాపీ ఒకటి అలాగే ఉంచాలి, కొలతలన్నీ దాని మీదే.

5. పాత ఫొటో పక్కన పెట్టడం

అసలు పని ఇది. మీదే అయిన పాత ఫొటో ఉంటే అంతకు మించింది లేదు. ఒకే టెలిస్కోప్, ఒకే కెమెరా కాబట్టి నక్షత్రాలు ఒకే సైజులో ఉంటాయి. లేకపోతే డీఎస్ఎస్ లేదా పాన్‌స్టార్స్ సర్వే చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. పాన్‌స్టార్స్ అయితే ఉత్తరార్ధంతోపాటు దక్షిణంగా 30 డిగ్రీల దాకా ఆకాశం అంతా చూపిస్తుంది.

ముందు మీ ఫొటోకు ప్లేట్ సాల్వింగ్ చేయండి. అంటే అందులోని నక్షత్రాల అమరిక చూసి ఏ పిక్సెల్ ఆకాశంలో ఏ చోటో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఆస్టాప్, సిరిల్ రెండూ చేస్తాయి. తర్వాత రెండు ఫొటోలనూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి, మార్చి మార్చి చూపించమనండి. కదలకుండా ఉన్నవన్నీ అలాగే ఉంటాయి, కొత్తది మాత్రం మినుకు మినుకుమంటుంది.

మినుకుమన్నదల్లా సూపర్‌నోవా కాదు. నా అనుభవమే చెబుతాను. ఒకసారి ఎం51 సర్పిల చేతిలో చక్కటి చుక్క కనిపించింది. పాత ఫొటోలో లేదు. చేతులు వణికినంత పని అయింది. రాత్రి రెండింటికి ముగ్గురు స్నేహితులకు ఫొటో పంపాను. వాళ్లలో వయసులో పెద్దాయన ఒక్కటే అడిగారు: "తమ్ముడూ, ఇవాళ నీ ఫోకస్ కాస్త జారింది, నక్షత్రాలన్నీ ఉబ్బి ఉన్నాయి. ఇదొక్కటే సూదిమొనలా ఉందేంటి?" అది సెన్సర్‌లోని హాట్ పిక్సెల్, అంటే వెలుగు పడకపోయినా తనంతట తానే వెలిగే పిక్సెల్. ఆ రాత్రి మౌంట్ బాగా నడిచింది, నేను డిథరింగ్ పెట్టలేదు, దాంతో అన్ని ఫొటోల్లోనూ అది ఒకే చోట కూర్చుంది. ఆకాశం నుంచి వచ్చిన వెలుగు ఏదైనా పక్క నక్షత్రాలంత లావుగానే పడాలి. అంతకన్నా సన్నగా ఉంటే అది కెమెరాలో పుట్టిందే.

రెండో మోసగాడు గ్రహశకలం. ప్రధాన పట్టీలోవి భూమికి ఎదురుగా ఉన్నప్పుడు గంటకు సుమారు 30 ఆర్క్‌సెకండ్లు (ఒక ఆర్క్‌సెకండ్ డిగ్రీలో 3600వ వంతు) కదులుతాయి. కాబట్టి గంట తర్వాత మళ్లీ ఫొటో తీయండి. కదిలితే గ్రహశకలమే. మైనర్ ప్లానెట్ సెంటర్‌లో ఆ చోటు, ఆ సమయం ఇచ్చి ముందే సరిచూసుకోవచ్చు. ఎం101 సూర్యమార్గానికి చాలా దూరం కనుక అక్కడ ఈ బెడద తక్కువ. ఎం61, ఎం74 దాదాపు దారిలోనే ఉన్నాయి, అక్కడ జాగ్రత్త.

మూడోది గెలాక్సీలోనే ఉండే వెలుగు ముద్దలు. కొత్త నక్షత్రాలు పుట్టే వాయు మేఘాలు చిన్న టెలిస్కోప్‌లో నక్షత్రాల్లాగే కనిపిస్తాయి. ఎం101లో ఇవి ఎంత పెద్దవంటే వాటికి విడి విడి ఎన్‌జీసీ నంబర్లున్నాయి. 2023 సూపర్‌నోవా సరిగ్గా ఎన్‌జీసీ 5461 అనే ముద్ద పక్కనే పేలింది. ఆ రోజుల్లో ముద్దను చూసి సూపర్‌నోవా అనుకున్నవాళ్లు, సూపర్‌నోవాను చూసి ముద్ద అనుకున్నవాళ్లు ఇద్దరూ ఉన్నారు. నేను మొదట రెండో రకంలో ఉన్నాను.

ఈ చివరి పొరపాటు నిపుణుల్నీ వదల్లేదు. 2014 జనవరి 21న లండన్ విశ్వవిద్యాలయ అబ్జర్వేటరీలో స్టీవ్ ఫోసీ విద్యార్థులకు టెలిస్కోప్ నడపడం నేర్పుతూ, మబ్బులు కమ్ముకొస్తున్నాయని త్వరత్వరగా ఎం82 వైపు తిప్పారు. అక్కడ ఎప్పుడూ లేని ఒక నక్షత్రం ఉంది. అదే ఎస్‌ఎన్ 2014జే. అప్పటికి అది పేలి దాదాపు వారం. ఆ వారంలో తీసిన వేరేవాళ్ల ఫొటోల్లోనూ అది ఉంది. ఎం82 చిందరవందరగా, ధూళి చారలతో ఉండే గెలాక్సీ కాబట్టి ఎవరి చూపూ దాని మీద నిలవలేదు.

6. వెలుగు కొలవడం

ఫొటోలోని అంకెలు నేరుగా మాగ్నిట్యూడ్ కావు. అందుకే పక్కనున్న, మాగ్నిట్యూడ్ ముందే తెలిసిన నక్షత్రంతో పోల్చి లెక్క వేస్తారు. ఆ నక్షత్రాల మ్యాపులు ఏఏవీఎస్ఓ ఇస్తుంది. చంచల తారల పరిశీలకుల సంఘం అది, 1911లో మొదలైంది.

పద్ధతి ఇలా ఉంటుంది. సూపర్‌నోవా చుట్టూ ఒక చిన్న వృత్తం గీసి లోపలి వెలుగంతా కూడతారు. దాని బయట ఒక వలయం తీసుకుని అక్కడి ఆకాశపు సగటు వెలుగుని తీసివేస్తారు. పోలిక నక్షత్రానికీ అదే సైజు వృత్తంతో అదే చేస్తారు. ఉదాహరణకు పోలిక నక్షత్రం మాగ్నిట్యూడ్ 12.3, దాని లెక్క 84,000 వచ్చిందనుకోండి. సూపర్‌నోవాది 21,000. నిష్పత్తి 0.25. దాని లాగరిథమ్ సుమారు -0.602. దాన్ని -2.5తో గుణిస్తే 1.5. ఆ 1.5ని 12.3కి కలిపితే సూపర్‌నోవా మాగ్నిట్యూడ్ 13.8.

ఒక్క నక్షత్రాన్ని నమ్మకండి, నాలుగైదు తీసుకోండి. వాటి జవాబులు 0.05 లోపు కలిస్తే మీ కొలత బాగున్నట్టే. ఒకటి మాత్రం తేడాగా వస్తే ఆ నక్షత్రమే మిణుకుతూ ఉండొచ్చు, పక్కన పెట్టేయండి.

రంగు కెమెరా ఉన్నవాళ్లు ఆకుపచ్చ చానల్ మాత్రమే విడదీసి కొలవండి. శాస్త్రవేత్తలు వాడే వి ఫిల్టర్‌కు అదే దగ్గర.

అసలు చిక్కు గెలాక్సీ వెలుగుతో వస్తుంది. మీరు తీసుకున్న వలయం ఒకవైపు సర్పిల చేతి మీద, ఇంకోవైపు ఖాళీ మీద పడుతుంది. సగటు తప్పుతుంది. సూపర్‌నోవా బాగా వెలిగినప్పుడు ఈ తప్పు పెద్దగా తెలియదు. మసకబారేకొద్దీ అదే మొత్తం కొలతని తినేస్తుంది. దీనికి మందు మళ్లీ పాత ఫొటోనే. కొత్త ఫొటోలోంచి పాత ఫొటోను తీసివేస్తే గెలాక్సీ పోయి సూపర్‌నోవా ఒక్కటే మిగులుతుంది. పాతది లేకపోతే ఏడాది ఆగి, సూపర్‌నోవా ఆరిపోయాక తీసిన ఫొటో వాడుకోవచ్చు. ఆలస్యమే తప్ప లోపం లేదు.

7. రోజుల తరబడి కొలిస్తే ఏం తెలుస్తుంది

రెండు మూడు రోజులకోసారి కొలిచి కాగితం మీద పెడితే లైట్ కర్వ్ వస్తుంది. దాని ఆకారమే ఎలాంటి పేలుడో చెబుతుంది.

టైప్ 1ఏ అయితే సుమారు 18 రోజుల్లో శిఖరానికి చేరి, నీలి కాంతిలో తర్వాతి 15 రోజుల్లో ఒక మాగ్నిట్యూడ్ పైచిలుకు పడిపోతుంది. ఇది శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) పేలుడు. ఈ తార ఉండగలిగే గరిష్ఠ బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు, అదే చంద్రశేఖర్ పరిమితి. పేలుడులో పెద్ద ఎత్తున నికెల్-56 పుడుతుంది. ఆరు రోజులకు సగం చొప్పున అది కోబాల్ట్ అవుతుంది, కోబాల్ట్ 77 రోజులకు సగం చొప్పున ఇనుము అవుతుంది. మనం చూసే వెలుగు పేలుడు మంట కాదు. ఈ రేడియోధార్మిక పదార్థం ఇచ్చే వేడి. వంద రోజుల తర్వాత చుక్క మసకబారే వేగం కొలిస్తే కోబాల్ట్ ఆనవాలు మీ సొంత అంకెల్లోనే కనిపిస్తుంది.

టైప్ 2 వేరు. బరువైన నక్షత్రం నడిగుండె కూలిపోతే వచ్చేది. వీటిలో చాలావాటి వెలుగు కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా ఇంచుమించు ఒకే స్థాయిలో నిలిచిపోతుంది. బయటికి ఎగజిమ్మిన హైడ్రోజన్ పైనుంచి లోపలికి పొరపొరగా చల్లారుతూ వస్తుంది. పదార్థం బయటికి పరిగెడుతుంటే, వెలుగిచ్చే ఉపరితలం మాత్రం లోపలికి జరుగుతూ ఉంటుంది, రెండూ సరిపోయి మెరుపు మారదు. హైడ్రోజన్ మొత్తం చల్లారిన రోజున కర్వ్ కొండచరియలా జారుతుంది. 2023 మేలో పేలినది ఈ రకమే.

ఖాయంగా చెప్పాలంటే వర్ణపటమే కావాలి. కాంతిని రంగులుగా విడదీసే, ఫిల్టర్ చోట పెట్టే చిన్న గ్రేటింగ్‌తో మెరుపు సూపర్‌నోవాలకు ఇంట్లోనే తీయొచ్చు. 6150 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర లోతైన సిలికాన్ గుంట ఉంటే టైప్ 1ఏ, హైడ్రోజన్ గీతలుంటే టైప్ 2.

8. దూరం లెక్క కట్టడం

నాకు ఇష్టమైన భాగం ఇది, టైప్ 1ఏకు మాత్రమే వర్తిస్తుంది. ఇవన్నీ ఇంచుమించు ఒకే స్థాయికి వెలుగుతాయి. 32.6 కాంతి సంవత్సరాల దూరంలో పెట్టి చూస్తే శిఖరం దగ్గర మాగ్నిట్యూడ్ సుమారు -19.3.

2011 ఆగస్టులో పాలోమార్ సర్వే ఇదే ఎం101లో ఎస్‌ఎన్ 2011ఎఫ్ఈని పట్టుకుంది. శిఖరం సుమారు 9.9. తేడా: 9.9 + 19.3 = 29.2. దానికి 5 కలిపి 5తో భాగిస్తే 6.84. పదిని 6.84వ ఘాతానికి పెంచితే సుమారు 69 లక్షలు. అన్ని పార్సెక్కులు. 3.26తో గుణిస్తే సుమారు రెండు కోట్ల పాతిక లక్షల కాంతి సంవత్సరాలు. సెఫీడ్ నక్షత్రాలతో (క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తగ్గేవి) కొలిచిన దూరం సుమారు రెండు కోట్ల పది లక్షలు. ఒక కాగితం మీద నాలుగు వరుసల లెక్కకు ఇంత దగ్గరగా రావడం చిన్న విషయం కాదు.

మీ కొలతలో 0.1 తప్పుంటే దూరంలో సుమారు 5 శాతం తప్పుతుంది. నెమ్మదిగా పడిపోయేవి కాస్త ఎక్కువ వెలుగుతాయి, వేగంగా పడిపోయేవి తక్కువ. ఆ సవరణ కూడా చేయాలి, అందుకే శిఖరం తర్వాత 15 రోజులు వదలకుండా కొలవమంటారు. ధూళి ఉంటే లెక్క పూర్తిగా దెబ్బతింటుంది. ఎం82లోని 2014 సూపర్‌నోవా ధూళి వెనక ఎర్రబారి, మసకబారి కనిపించింది. దాన్ని అలాగే లెక్కలో వేస్తే గెలాక్సీ ఉన్నదానికన్నా చాలా దూరంలో తేలుతుంది. ఇదే పద్ధతిని ఎన్నో రెట్లు జాగ్రత్తగా చేసి విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని 1998లో రెండు బృందాలు చూపించాయి. 2011లో భౌతికశాస్త్ర నోబెల్ దానికే.

9. నిజంగానే కొత్తది దొరికితే

హడావుడి పడకండి. గంట వ్యవధిలో రెండు సెట్ల ఫొటోలు, గ్రహశకలం కాదని తేల్చుకోవడం, ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో అదే చోట ఇప్పటికే పేరు ఉందేమో చూడటం, వీలైతే వేరే టెలిస్కోప్ ఉన్న స్నేహితుడితో ఒక ఫొటో తీయించడం. ఇవి అయ్యాక అదే సర్వర్‌లో ఖాతా తెరిచి రిపోర్ట్ ఇవ్వండి. చోటు, సమయం, మాగ్నిట్యూడ్, ఫిల్టర్, చివరిసారి అక్కడ ఏమీ లేదని చూసిన తేదీ అడుగుతారు. ఆ ఆఖరి గడి ఖాళీగా వదిలేయకండి.

ఇప్పుడు జెడ్‌టీఎఫ్, అట్లాస్ లాంటి రోబో సర్వేలు ఆకాశాన్ని జల్లెడ పడుతున్నాయి కదా, మనకేం మిగిలిందని అనిపించడం సహజం. మిగిలింది వేళ. సర్వే ఒక గెలాక్సీని ఒకటి రెండు రోజులకోసారి చూసి వెళ్లిపోతుంది. మీరు దాన్నే గంటల తరబడి ఫొటో తీస్తారు. 2016 సెప్టెంబర్ 20న అర్జెంటీనాలోని రొసారియోలో విక్టర్ బుసో కొత్త కెమెరాను పరీక్షిద్దామని ఎన్‌జీసీ 613 అనే సర్పిల గెలాక్సీ వైపు తిప్పి చిన్న చిన్న ఎక్స్‌పోజర్లు వరసగా తీశారు. మొదటివాటిలో ఏమీ లేదు, తర్వాతివాటిలో ఒక చుక్క పుట్టి పెరుగుతోంది. నక్షత్రం లోపలి ఆఘాత తరంగం (షాక్ వేవ్) ఉపరితలాన్ని చీల్చుకొచ్చే క్షణం ఆ ఫొటోల్లో పడింది. ఆయన టెలిస్కోప్ వెడల్పు 40 సెంటీమీటర్లు.

10. ఏమీ దొరకని రాత్రి ఏం చేయాలి

ఎక్కువ రాత్రులు ఇలాంటివే. 2023లో ఇటగాకి కనుగొన్నాక, ఎం101ని ముందు రోజు రాత్రి వేరే పని మీద ఫొటో తీసినవాళ్లు తమ ఫైళ్లు తవ్వి చూసుకున్నారు. మే 18 రాత్రి ఫొటోలు కొన్నిటిలో ఆ చుక్క అప్పటికే మసకగా ఉంది. అంతకు కొన్ని గంటల ముందు తీసినవాటిలో లేదు. లేని ఫొటో, ఉన్న ఫొటో, రెండూ కలిస్తేనే పేలుడు మొదలైన వేళ గంటల తేడాతో తేలింది. ఏమీ లేదని డిలీట్ చేసినవాళ్ల దగ్గర చెప్పడానికేమీ లేకపోయింది.

కాబట్టి ప్రతి రాత్రి ఫైళ్లూ దాచండి. కెమెరా గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో సరిచేసి, స్థానిక సమయం కాకుండా యూటీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) పెట్టండి. ఫైలు పేరులో గెలాక్సీ, తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎక్స్‌పోజర్ ఉండాలి: "ఎం101, 2023-05-18, 2105 యూటీ, 60 సెకండ్లు, 40 ఫొటోలు". కలిపిన ఫొటోలో పోలిక మ్యాప్ పెట్టుకుని, కనీకనిపించకుండా ఉన్న అతి మసక నక్షత్రం మాగ్నిట్యూడ్ ఎంతో చూడండి. ఆ రాత్రి మీ చూపు హద్దు అదే. నోట్‌బుక్‌లో తేదీ వేసి "కొత్తది లేదు, 16.2 దాకా చూశాను" అని రాసుకుని పడుకోండి.